ఎడమ అంచు

పాలమూరు పాత బస్టాండు ఎనుక నా దుకాణం.
ఎనిమిదడుగుల వెడల్పు.
గోడలకు దేవుళ్లు, తలుపుకు పోయినోళ్లు,
నడుమ నేను, రంపం, సన్న మొలలు.

కరెంటు పోయిన ఏళకు
గడి మనుమడు విక్రమసింహారెడ్డి
తువ్వాలల చుట్టి ఒక కాయితం తెచ్చిండు.
"సీమ బొమ్మ. ముత్తాత కొన్నది.
ఎడమ దిక్కు చెదలు తిన్నయి.
కుడి దిక్కు గూడ అంతే కోసెయ్యి,
రెండు పక్కల సమానమైతది."

శనివారం రాండ్రి అన్న.

రాత్రి షట్టర్ సగం దించి
చార్జింగ్ లైటు కింద పరిచిన.
నడుమ కోడిగుడ్డు లెక్క ఒక చట్రం,
దాంట్ల దొర, పక్కకు తిరిగిన మొకం,
చెవి మీద సుడులు సుడుల సవరం.
కుడి దిక్కు ఇనుప టోపీ ఆడమనిషి,
చేతిల బల్లెం, కాళ్లకాడ గుడ్లగూబ.
నాలిక బయట లేదు, పులి లేదు.
మన దేవత గాదు. అయినా దేవతే,
నిలబడ్డ తీరే చెప్తుంది.
వాళ్ల దేశంల గూబ అంటే తెలివి అన్నడు పొద్దుగాల.
మా దిక్కు వాలితే ఇల్లు ఖాళీ చేస్తం.
మీ గడిల గిప్పుడు అవ్వే ఉంటున్నయి గదా
అని నోటిదాక వచ్చింది, మింగిన.

ఎడమ దిక్కు చెద తొవ్వలే.
ఒక పాదం మిగిలింది, గోళ్లతోని సహా.
ఒక చెయ్యి, మణికట్టు దాక,
ఏందో పట్టుకున్నది.
అద్దం పిడో, దివిటీ పిడో.

భూతద్దం పెట్టినంక తెలిసింది,
ఇది గీసింది గాదు, నేసింది.
బుగ్గ మీద ఒంపు తిరిగిన గీతలు పడుగు,
దవడ కింది నీడకు అడ్డం పడ్డయి పేక.
రాగి రేకు మీద ఒక్కొక్క పోగు తీసిండు ఎవడో,
పేరు చదవరాదు,
పని చూస్తే నా కులపోడు.

మాది రాజోలి. మగ్గం ఇల్లు.
కుట్టంచు చీరకు ఇద్దరు గూసోవాలె.
నాయన కుడి అంచు, అక్క ఎడమ అంచు,
నేను కండెలు చుట్టేటోణ్ని.
ఇటు కోటకొమ్మ లేస్తే అటు లేవాలె,
మాట్లాడుకునుడు ఉండది,
నాడె చప్పుడే మాట.
ఒక వానకాలం అక్క మాణిక్యానికి జరమొచ్చి
పదకొండు దినాలు లేవలే.
చీర సగంల ఉంది, సేటు గడువు మీద ఉంది.
నాయన ఒక్కడే
ఈ కొస నుంచి ఆ కొసకు లేసుకుంట, గూసుకుంట
నేసిండు.
గద్వాలల సేటు మడత ఇప్పి
ఎడమంచు నూలువాసి తక్కువుందని పైసలు కోసిండు.
తొవ్వల నాయన బీడీ ముట్టిచ్చి అన్నడు:
రెండు చేతులు ఒక్క తీరే పనిజేస్తే
దండం పెట్టుడొక్కటే అయితదిరా,
ముడి ఎవడేస్తడు?

పురికోస పట్టి బొమ్మ నడుమ కొలిచిన.
పైన రెక్కల పిలగాడు బూర ఊదుతున్నడు.
వాడు నడుమ లేడు.
బొటనేలంత ఎడమకు జరిగిండు.
పొరపాటు అనుకున్న.
మల్ల చూస్తే బల్లెం మొన ఎడమకే వాలింది,
దొర కన్ను ఎడమకే,
గూబ గూడ మెడ తిప్పి అటే.

అందరు ఆమెనే చూస్తున్నరు.
లేదని వాళ్లకు ఎవరు చెప్పలే.

కత్తెర పక్కన పెట్టిన.
కుడామె ఎంత వెడల్పుందో
అంత ఉత్త మీగడ రంగు అట్ట
ఎడమకు ఇడిచిపెట్టి,
పాదాన్ని పాదం కాడ, చేతిని చేతి కాడ
గంజితోని అతికిచ్చి, అద్దమేసిన.

శనివారం వచ్చి చాలసేపు చూసిండు.
"ఈ ఖాళీ ఏంది?"
"అద్దం అడుగుల లెక్క సారూ,
ఖాళీకి గూడ అంతే పడ్తది."
నలభై తక్కువిచ్చి
అదే తువ్వాలల చుట్టుకపోయిండు.

బల్ల మీద చెద మన్ను మిగిలింది, పిడికెడు.
ఊదబోయి ఆగిన.
ఆమె మొకం గీ మన్నులనే ఉండొచ్చు.